నెమ్ము గోడలు, నమ్మదగిన పనివారు

ఆవకాయ జాడీకి బూజు పట్టినప్పుడు మన యిండ్లలో పెద్దవారు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: “జాడీలో తడిగరిటె పెట్టిన దెవరు?” పైనున్న తెల్లని పొరను తీసివైచి మూత పెట్టినంత మాత్రమున ఆ జాడీ బాగుపడదనియు, వారము తిరుగకముందే బూజు మరల వచ్చుననియు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. అట్టివారే, పడకగది గోడపై నల్లని మచ్చలు కనిపించిన నాడు, తడి యెక్కడిదని అడుగుట మరచి రంగులు వేయువానికి కబురు పంపుదురు. రంగు వేయుదురు, పండుగ గడచును, మరుసటి వానకాలమున మచ్చలు అదే చోట, అదే ఆకారమున తేలును. మరల కబురు, మరల రంగు, మరల ఖర్చు. హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో ఇది ఏటేట వినవచ్చు గోడు. కావున గోడల బూజు తీయించుటకు పనివానిని ఎట్లు ఎన్నుకొనవలెను, ఎవరిని నమ్మవచ్చును, సొమ్ము ఎప్పుడు ఎంత చెల్లింపవలెను అను విషయములను గూర్చి నేడు కొంత ముచ్చటింప దలచితిమి.

మన భాషలోనే ఒక చిక్కు ఉన్నది. సాలెగూళ్లను బూజనియే అందుము, తడికి పుట్టు శిలీంధ్రమును కూడ బూజనియే అందుము. మొదటిది కర్రకు చీపురు కట్టి దులిపిన పోవును. రెండవది దులిపినకొలది వ్యాపించును. కంటికి కనబడని దాని బీజములు గాలిలో లేచి ఇల్లంతయు తిరుగును. రెంటికిని ఒకే పేరగుటచే కాబోలు, ఒకే వైద్యము చాలునను భ్రమ మనలో నాటుకొన్నది. అయితే వేరొక మాట విషయమున మన పూర్వులు మంచి సూక్ష్మమునే పట్టిరి. గోడ తడిసిన ‘నెమ్మెక్కినది’ అందుము. పసివాని రొమ్మున కఫము చేరినను ‘నెమ్ము చేసినది’ అందుము. ఈ రెండు నెమ్ములకును చుట్టరికము ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శక గ్రంథము తెలుపుచున్నది. చెమ్మయు బూజును గల యిండ్లలో నివసించువారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసము వంటి బాధలు హెచ్చుగా నుండుననియు, ఇంత బూజు వరకు భయము లేదను హద్దు నిర్ణయింప వీలులేదనియు, చెమ్మను నివారించుటయే మార్గమనియు అందు తేల్చిరి. ఉబ్బసముగల పిల్లవాడో, వృద్ధురాలైన తల్లియో ఉన్న యింట ఇది గోడ అందమునకు సంబంధించిన ప్రశ్న మాత్రము కాదు.

ఇక ఈ ప్రాంతపు సంగతి. మూసీకి దక్షిణమున, సరూర్‌నగర్ చెరువు చుట్టును, విజయవాడ రహదారికి ఇరుప్రక్కలను వెలసిన కాలనీలివి. నేల కొన్నిచోట్ల రాతిగుట్ట, కొన్నిచోట్ల చెరువు దిగువ పల్లము. చిన్న చిన్న ప్లాట్లలో ఇంటికిని ఇంటికిని నడుమ జానెడు సందు మాత్రమే విడిచి కట్టినచోట్ల ఆ వైపు గోడకు ఎండ తగులదు. మేస్త్రి చేయి దూరదు గనుక బయట గిలాబు సయితము ఉండదు. ఒట్టి ఇటుక వానకు నానుచుండును. పొరమీద పొరగా వీథులకు రోడ్లు వేయుటచే పాత యిండ్ల గడపలు వీథికంటె పల్లమయినవి; వీథినీరు పునాదిని నానబెట్టును. 2007లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘములు మహానగర పాలనలో విలీనమైనవి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చినది. ఒంటరి యిండ్లుండిన పెక్కుచోట్ల అంతస్తుల భవనములు లేచినవి. ఒకప్పుడు మిద్దెనుండి కారిన నీరు ఇప్పుడు పైయింటివారి స్నానపుగది నుండి కారుచున్నది. ఇది చిన్న మార్పు కాదు. దీనిని గూర్చి తరువాత చెప్పుదుము.

2020 అక్టోబరు 13వ తేదీన కురిసిన కుంభవృష్టిని ఈ ప్రాంతమువారు మరువజాలరు. బేగంపేట వాతావరణ కేంద్రమున ఒక్క దినములో సుమారు 19 సెంటీమీటర్ల వాన నమోదయినది. నగరమునకు తూర్పున ఘట్‌కేసర్ వైపు అంతకంటె మిక్కిలి హెచ్చుగా కురిసినది. సరూర్‌నగర్ చెరువు పొరలి, కోదండరాంనగర్ మొదలగు దిగువ కాలనీలు నీట మునిగినవి. 17వ తేదీన మరల పెద్దవాన. ఆ యేడు దసరా అక్టోబరు 25న, దీపావళి నవంబరు 14న వచ్చినవి. అనగా ఇంట చొచ్చిన బురదను ఎత్తిపోసి సరిగా నెల తిరుగునప్పటికి దీపాల పండుగ. లక్ష్మి వచ్చు వేళకు గోడలు తెల్లబడవలెనను తొందర సహజమే. దానిని మేము తప్పు పట్టము. కాని ఇటుకగోడ మన పంచాంగమును చూడదు. తడిసిన గోడ అంగుళము మందమునకు నెల చొప్పున ఆరునని కట్టడపు పనివారు చెప్పుకొను మోటు లెక్క యొకటి కలదు. తొమ్మిదంగుళముల గోడకు ఎన్ని నెలలగునో శ్రోతలే లెక్కవేసికొనవచ్చును. అట్టి గోడపై నేటి ప్లాస్టిక్ రంగును పూసినచో లోపలి నీటికి వెలుపలి దారి మూసినట్లే. కొంతకాలమునకు రంగు బొబ్బలెక్కును, వెనుక బూజు పెరుగును. పూర్వము మన యిండ్లకు వేసిన సున్నము ఈ విషయమున మేలు. అది గోడను ఊపిరి పీల్చనిచ్చును. దాని క్షారగుణమును బూజు ఓర్వదు. సున్నము గుడ్డల కంటునని విసుగుకొని విడిచితిమి. దానితోపాటు మరియేమి విడిచితిమో ఆలోచింపలేదు.

బూజు తీయుదుమని వచ్చువారు ఎవరెవరు? రంగులు వేయువారు, మిద్దెలకు నీటిజారుడు కట్టుదుమను వాటర్‌ప్రూఫింగ్ వారు, ఇండ్లను కడిగి శుభ్రపరచు సంస్థలవారు, చెదలమందు కొట్టువారు. చెదలమందు కొట్టువానికి 1968 నాటి కీటకనాశినుల చట్టము క్రింద లైసెన్సు కావలెను. దానిని చూపుమని మనము అడుగవచ్చును. బూజు తీయువానికి మన దేశమున అట్టి ప్రత్యేకమైన లైసెన్సు లేదు. నిన్న కుంచె పట్టినవాడు నేడు బూజు నిపుణుడనని బోర్డు పెట్టుకొన్నను అడ్డుచెప్పువారు లేరు. కాబట్టి చూడవలసినది బోర్డును కాదు, అతడు మన యింట అడుగుపెట్టిన తరువాత ఏమి చేయుచున్నాడన్నది.

ఒక యిల్లాలికిని పనివానికిని నడుమ ఫోనులో సాగు మాటలు ఇట్లుండునని ఊహింతము.

“గోడంత ఎన్ని చదరపడుగులుంటదో చెప్పుండ్రి అమ్మా, రేటు జెప్త.”

“గోడ చూడకుండానే చెప్తారా?”

“సూసేదేముందమ్మా, బూజే గద! గీకి, కెమికల్ గొట్టి, రెండు కోట్లు ఏస్త. పదేండ్ల దాక మల్ల సూసే పని లేదు.”

రెండవవాడు ఇంటికి వచ్చెననుకొందము. డబ్బా మూత తీయడు, ప్రశ్నలు వేయును.

“ఈ గోడెనుక ఏముందమ్మా?”

“బాత్రూము ఉంది మేస్త్రీ.”

“మచ్చ వానకాలమే అయితదా, ఎండకాలం గూడ ఉంటదా?”

“ఎండాకాలం కూడా ఉంటుంది.”

“అయితే వాన నీళ్లు గావు. పైపన్న కారుతుండాలె, లేకుంటె టైల్స్ సందులకెళ్లి దిగుతుండాలె. జర బాత్రూం చూపిస్తరా?”

ఈ రెండవవాని రేటు హెచ్చు కావచ్చును, తక్కువ కావచ్చును. అది తరువాతి మాట. మొదటివాడు మనకు అమ్మజూపినది రంగు. రెండవవాడు నీటి జాడను వెదకుచున్నాడు. మా యెరుకలో నమ్మదగిన పనివానిని గుర్తించుటకు దీనిని మించిన ఆనవాలు లేదు. మచ్చ యున్న గోడను చూచుటకు ముందే మిద్దెపైకి వెళ్లువాడు, పిట్టగోడ మొదట పగుళ్లను వ్రేలితో తడవి చూచువాడు, వాననీటి గొట్టము ఎక్కడ దిగుచున్నదో అడుగువాడు, గోడకు ఆనించిన బీరువాను జరుపుమనువాడు — ఇట్టివానికి ఒక గంట కాలము వెచ్చించుట మంచిది. చూచిపోయినందులకు కొంత పైకము అడిగినను ఈయవచ్చును. ఉచితముగా వచ్చి చూచువాడు ఆ ఖర్చును రంగు డబ్బాలో రాబట్టుకొనుటయే వాడుక.

పనివానిని పిలుచుటకు ముందు ఇంటివారు తామే కొంత తెలిసికొనవచ్చును. గోడపై తెల్లని పొడి కనబడిన అది బూజే కానక్కరలేదు. నేల నుండియో, బోరునీటి నుండియో ఎక్కిన చౌడు కావచ్చును. దానిపై కొంచెము నీరు చిలికిన చౌడు కరగిపోవును, బూజు కరగదు. చౌడు గరగరలాడును, బూజు నూగువలె నుండి మట్టివాసన కొట్టును. రెంటికిని మూలము తడియే అయినను వైద్యము ఒకటి కాదు. తడి గోడలోపలి నుండి వచ్చుచున్నదో, గదిలోని గాలి నుండి వచ్చుచున్నదో తెలియుటకు ఒక సులభమైన ఉపాయము కలదు. అడుగు చదరమున్న పాలిథీన్ కాగితమును గోడకు ఆనించి నాలుగంచులను టేపుతో గట్టిగా అతికించి రెండు దినములు విడిచి చూడవలెను. కాగితమునకు గోడవైపున నీటిబిందువులు నిలిచిన తడి గోడలోనే ఉన్నది. గదివైపున నిలిచిన, అది మన వంటయింటి ఆవిరియో, వానకాలమున లోపల ఆరవేసిన బట్టల చెమ్మయో, కిటికీలు మూసి నడిపిన కూలరు పుణ్యమో. అట్టిచోట గుత్తేదారు పనియే లేదు. కిటికీలు తెరచుట, ఆవిరిని వెలుపలికి పంపు పంకా నొకదానిని బిగించుట, బీరువాను గోడకు నాలుగంగుళములు ఎడముగా జరుపుట చాలును. “మీకు నాతో పనిలేదమ్మా” అని చెప్పి వెడలిపోవు పనివాడు ఎదురైన, ఆతని ఫోను నంబరును జాగ్రత్తగా వ్రాసి ఉంచుకొనవలెను. మరియొకనాడు అతనితో పని పడును.

స్నానపుగదిపై అనుమానమున్నచో నీరు పోవు రంధ్రమును గుడ్డతో బిగించి, రెండంగుళముల లోతు నీరు నిలిపి, ఒక దినము కదలింపక, క్రింది కప్పును చూచుట పాతపద్ధతి. గొట్టములపై అనుమానమున్నచో రాత్రి నల్లాలన్నియు కట్టి మిద్దెపై తొట్టిలో నీటిమట్టమునకు గుర్తు పెట్టి తెల్లవారి చూడవలెను. పనివాని వద్ద తేమను కొలుచు రెండు సూదుల యంత్రముండిన మంచిదే. కాని చౌడెక్కిన గోడపై ఆ యంత్రము లేని నీటిని కూడ చూపును. యంత్రపు అంకె నొక్కదానినే చూపి గోడ సాంతము పగులగొట్టింప జూచువానితో జాగ్రత్త.

మచ్చ చిన్నదైన, అనగా మూడడుగుల పొడవు మూడడుగుల వెడల్పు మించకుండిన, ఇంటివారే శుభ్రపరచుకొనవచ్చునని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థవారి సలహా. ముక్కునకు ఎన్-95 మాస్కు, చేతులకు తొడుగులు, కిటికీ తెరచి ఉంచుట, బట్టలసబ్బు నీటితో రుద్ది తుడిచి బాగుగా ఆరనిచ్చుట — ఇంతే. ఉబ్బసమున్నవారు, చక్కెరవ్యాధివారు, కాన్సరు చికిత్సలో నున్నవారు ఆ పనికి పూనుకొనరాదు. ఒక్క హెచ్చరిక మాత్రము గట్టిగా చేయవలసి ఉన్నది. బ్లీచింగ్ పొడి నీటిలో మరుగుదొడ్డి కడుగు ఆసిడ్‌ను కలిపిన క్లోరిన్ వాయువు లేచును. తలుపులు మూసిన స్నానపుగదిలో అది ప్రాణాపాయము. ఘాటు హెచ్చిన మందు హెచ్చునని తలచి రెంటిని కలుపువారున్నారు. పనివాడు కలిపినను ఆపవలెను.

భయపెట్టి బేరమాడువారు మరియొక తెగ. మచ్చ నల్లగా ఉన్నంతనే “ఇది బ్లాక్ ఫంగస్, ఇంట పిల్లలుండరాదు, రేపే పని మొదలు పెట్టవలెను” అందురు. 2021 వేసవిలో, కోవిడ్ రెండవ విజృంభణలో, ఆ పేరు వినని యిల్లు లేదు. కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిని ఆ వ్యాధికి ప్రత్యేక కేంద్రముగ చేసిరి. ఆ వ్యాధికి వైద్యులు మ్యూకర్‌మైకోసిస్ అందురు. అదుపు తప్పిన చక్కెరవ్యాధి గలవారికి, స్టిరాయిడ్ మందులు హెచ్చుగా వాడినవారికి అది ముఖ్యముగ సోకినది. అందు నలుపు చచ్చిన కండ నలుపే గాని శిలీంధ్రపు రంగు కాదు. మన గోడమీది నల్లని మచ్చ ఆ వ్యాధి కాదు. రంగును బట్టి బూజు జాతిని చెప్పుటయు సాధ్యము కాదు. గోడ బూజును తీయింపవలసినదే, కాని ఒక్కరాత్రిలో వేలు పోసి తీయింపవలసిన గండము కాదు. పరీక్షశాలకు పంపవలెనని వేరుగ సొమ్ము అడుగువారును కలరు. కంటికి కనబడుచున్న బూజుకు సాధారణముగ పరీక్ష అక్కరలేదు; ఏ జాతియైనను చేయవలసినది నీటిని ఆపుటయే. పరీక్షించువాడును పని చేయువాడును ఒకడే అయినప్పుడు పరీక్ష ఫలితము ఎట్లుండునో వేరుగ చెప్పవలెనా?

ఇందాక పైయింటి స్నానపుగది ప్రసక్తి వచ్చినది. ఎల్.బి.నగర్, చైతన్యపురి, కొత్తపేట వైపు అపార్టుమెంట్లలో కాపురమున్నవారికి ఇదియే అసలు చిక్కని మా నమ్మకము. మన కప్పునకు చెమ్మ దిగుచుండును. దోషము పైవారి నేలలో ఉండును. క్రింది నుండి ఎంత గీకినను, ఎంత ఖరీదైన మందు పూసినను పైనుండి వచ్చు నీటిని అది ఆపజాలదు. ప్రక్కకు మరల్చును, అంతే. నేడు హాలు కప్పునందున్న మచ్చ రేపు దేవుని గదిలో తేలును. “పైవాళ్లతో మాటలెందుకు, క్రిందనుండే ఆపుతాను” అను గుత్తేదారు మనకు ఇంపైన మాట చెప్పుచున్నాడు. ఇరుగుపొరుగు తగవు తప్పునన్న ఆశతో మనమును తలయూపుదుము. నిజాయితీ గలవాడు ఆ తగవును తప్పింపడు. దానికి తగిన రుజువును మన చేతికి ఇచ్చును. రంగునీటి పరీక్ష ఇట్టి రుజువు. పైవారి అనుమతితో వారి స్నానపుగది నేలపై రంగు కలిపిన నీరు నిలిపి, క్రింద ఆ రంగు దిగెనేమో చూచుట. “మీ వలన మా యిల్లు పాడయినది” అని మెట్లెక్కుటకంటె, “అన్నగారూ, ఒక్క పూట మీ బాత్రూమును పరీక్షించనివ్వండి, ఖర్చు మాది” అని మెట్లెక్కుట మేలు. ఫ్లాటు యజమానుల సంఘపు కార్యదర్శిని వెంట తీసికొని పోయిన మరియు మంచిది. ఖర్చు ఎవరు భరింపవలెనన్నది రుజువు తేలిన పిమ్మట సంఘములో కూర్చుండి మాటాడుకొనవచ్చును.

ఇల్లు క్రొత్తదైనచో ఆ ఖర్చు ఇరువురిదియు కాకపోవచ్చును. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, వాడుకలో రెరా, 14వ సెక్షనున ఒక గొప్ప సదుపాయమును కల్పించినది. ఇల్లు స్వాధీనపరచిన నాటి నుండి అయిదేండ్లలోపల కట్టడమునందు గాని పనితనమునందు గాని లోపము బయటపడిన, తెలిపిన 30 దినములలో నిర్మాత తన ఖర్చుతో సరిచేయవలెను. చేయకున్న పరిహారము కోరవచ్చును. ఆ చట్టము వర్తించు భవనములకే ఈ హక్కు. నాలుగేండ్ల ఫ్లాటులో కప్పు కారుచుండగా చందాలు వేసికొని పనివానిని పిలుచువారు మనలో ఎందరో! మొదట నిర్మాతకు వ్రాతమూలముగ తెలుపవలెను. ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యముండదు. అట్లుగాక మనమే గోడ పగులగొట్టించి సరిచేయించినచో, ఆ తరువాత లోపము తనది కాదనుటకు నిర్మాతకు సాకు దొరకును.

పనివానిని నిశ్చయించునప్పుడు అతడు పూర్వము చేసిన యిండ్లు ఎవ్వియో అడుగుట అందరును చేయుదురు. ఏ యిండ్లను అడుగవలెననుటలోనే కిటుకు ఉన్నది. పోయిన నెల చేసిన యిల్లు ఏమియు చెప్పదు. అన్ని గోడలును మొదటి నెలలో అందముగనే ఉండును. రెండు వానకాలములు గడచిన యింటి చిరునామా ఈయుమనవలెను. మన కాలనీలోనిదే అయిన, శ్రావణమాసపు ముసురులో ఒక సాయంకాలము పోయి చూడవచ్చును. ఫోను తెరమీద అపరిచితులు పెట్టిన చుక్కల గుర్తులకంటె ఆ ఒక్క గోడ ఎక్కువ చెప్పును. అపార్టుమెంటు కాపలావాడు చెప్పిన పనివాడు మంచివాడు కావచ్చును. కాని ఆ చెప్పుటలో అతనికి నూరో రెండు నూర్లో ముట్టియుండవచ్చునని కూడ గుర్తుంచుకొనవలెను.

ఇక కాగితము. “మాట మీద నడిచిపోతది సార్” అన్నను ఒప్పుకొనరాదు. పెద్ద దస్తావేజు అక్కరలేదు, ఒక పుట చాలును. నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదని అతడు నిర్ణయించినాడో ఆ వాక్యము ముందు వ్రాయింపవలెను. ఇది లేని కాగితము రంగు బిల్లు మాత్రమే. పిదప ఆ నీటిని ఆపుటకు ఏమి చేయునో, ఎంత మేర గిలాబు కొట్టి తీయునో, ఏ మందు ఎన్ని పూతలు పూయునో, పూతకును పూతకును నడుమ ఎన్ని దినములు ఆరనిచ్చునో, మట్టిపెళ్లలను ఎవరు మోసి పారవేయుదురో వ్రాసికొనవలెను. హామీ విషయమున ఒక మెలిక కలదు. డబ్బాపై అచ్చువేసిన హామీ డబ్బాలోని మందునకు సంబంధించినది; దానిని సరిగా పూయకున్న కంపెనీవారు బాధ్యులు కారు. పూసినవాడు తన పనికి ఇచ్చు హామీ వేరు. రెండును వేరువేరుగ వ్రాతలో ఉండవలెను. మందు డబ్బాలను మన యెదుటనే సీలు విప్పించుట మరువరాదు.

సొమ్ము విషయమున మా యభిప్రాయము ఇది. బయానా నాలుగవ వంతు మించరాదు. సగము పని జరుగుచుండగా, సామగ్రి వచ్చి పడినకొలది ఈయవలెను. మిగిలిన నాలుగవ వంతును గోడ తెల్లబడిన నాడు కాక, ఒక పెద్దవాన చూచి చెల్లింపవలెను. మిద్దెపని చేయించుటకు అనువైన కాలము మార్చి నుండి మే వరకు. మృగశిర కార్తె ప్రవేశించుటకు ముందే ముగియవలెను. అప్పుడు తొలకరియే పరీక్షాధికారి. స్నానపుగది పనియైనచో వానతో నిమిత్తము లేదు. నెల దినములు నీరు వాడి చూచిన చాలును. ఈ షరతు విన్నంతనే కొందరు మొగము చిట్లింతురు. దినకూలితో బ్రతుకువాని కూలిని ఆపుమని మేము చెప్పుటలేదు. కూలివాని కూలి ఏ పూటకాపూట ముట్టవలసినదే. ఆపవలసినది గుత్తేదారు లాభములోని భాగమును మాత్రమే. ఆ మాటను మొదటనే కాగితము మీద పెట్టినచో ఏ నిజాయితీపరుడును కాదనడు.

పని జరుగునప్పుడు ఇంటివారు చూడవలసినవి కొన్ని. పొడిగోడను గీకనీయరాదు, మొదట తడిపి గీకింపవలెను, లేకున్న బీజములు దుమ్ముతోపాటు ఇల్లంత పరచుకొనును. ఆ గది ద్వారమునకు ప్లాస్టిక్ తెర కట్టి, పంకా ఆపి, కిటికీ తెరచి ఉంచవలెను. పిల్లలను, ఉబ్బసపు రోగులను ఆ దినములలో బంధువుల యింటికి పంపుట మంచిది. చెమ్మ పీల్చిన దూదిపరుపులు, అట్టపెట్టెలు బాగుపడవు, విడిచిపెట్టవలసినవే. బట్టలు ఉతికి ఎండలో వేసిన పనికివచ్చును. గిలాబు క్రొత్తగా చేసిన గోడకు వెంటనే రంగు వేయుటకు తొందరపడు పనివానిని ఆపవలెను; అతనికి తరువాతి యింటి పని ఉండును, మన గోడ ఆరుట అతని లెక్కలో ఉండదు.

అద్దెకున్నవారి సంగతి వేరు. ఇల్లు ఖాళీ చేయునాడు రంగుల పేరిట ఒక నెల అద్దెను మినహాయించుకొను వాడుక మన నగరమున కలదు. కారు కప్పు వలన, నానిన పునాది వలన గోడ పాడయినచో అది అద్దెదారు చేసిన పాడు కాదు. మచ్చ మొదట కనిపించిన నాడే ఫోటో తీసి యజమానికి పంపుట, చేరునాడే గోడలన్నిటిని ఫోటోలు తీసి ఉంచుట — ఈ రెండును చేసిన అద్దెదారునకు ఖాళీ చేయునాడు మాటాడుటకు ఆధారముండును. యజమానులును ఆలోచింపవలెను. చెమ్మగల క్రింది వాటాను రంగు వేసి క్రొత్త కాపురస్థులకు ఇచ్చినచో, ఆ గదిలో పండుకొనునది ఎవరి బిడ్డయో కదా.

ఇన్ని జాగ్రత్తలు పడినను పని చెడి, పనివాడు ఫోను ఎత్తకుండినచో దారి లేకపోలేదు. 2020 జూలైలో అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద సొమ్ము పుచ్చుకొని చేసిన సేవలోని లోపమునకు పరిహారము కోరవచ్చును. మొదట 1915 అను నంబరుకు ఫోను చేసిన జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమువారు ఫిర్యాదును నమోదు చేసికొని అవతలివానితో మాటాడుదురు. అప్పటికిని తెగకున్న జిల్లా వినియోగదారుల కమిషనునకు పోవచ్చును. ఫిర్యాది తాను నివసించు జిల్లాలోనే దాఖలు చేసికొనుటకు ఈ చట్టము వీలు కల్పించినది. చెల్లించిన సొమ్ము అయిదు లక్షలకు మించకున్న రుసుము లేదు. వివాదకారణము పుట్టిన నాటి నుండి రెండేండ్లలో దాఖలు చేయవలెను. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. ఇందాక చెప్పిన ఒక పుట కాగితము, సొమ్ము చెల్లించిన రసీదులు, పనికి ముందును పిమ్మటను తేదీలతో తీసిన గోడ ఫోటోలు అర్జీకి జతపరచవలెను.